పోయింది గేర్‌బాక్స్ కాదు, షాఫ్ట్ కొలత

ప్రశ్న: మాది 24 హార్స్ పవర్ చిన్న ట్రాక్టర్. నాలుగడుగుల రోటవేటర్, ఐదు పళ్ల కల్టివేటర్, వెనక తగిలించే బ్లేడు ఉన్నాయి. పనిముట్లు మార్చడం ఒక్కడి వల్ల కాక ఈ మధ్యే క్విక్ హిచ్ ఫ్రేమ్ (పనిముట్లను కొక్కేలతో తగిలించుకునే చట్రం) పెట్టించాను. అప్పటి నుంచి రోటవేటర్ పైకెత్తితే టకటకా కొట్టుకుంటోంది. ఒకసారి గట్టు దగ్గర ఎత్తి తిప్పుకుంటుంటే పీటీవో షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని రోటవేటర్‌కు అందించే తిరిగే కడ్డీ) మధ్యలో ఊడిపోయింది. మళ్లీ తొడిగి నడుపుతున్నాను, ఇప్పుడు దున్నేటప్పుడు కూడా బండంతా వణుకుతోంది. గేర్‌బాక్స్ పోయిందని నా అనుమానం. హిచ్ అమ్మిన డీలరు కూడా అదే అన్నాడు. అది మార్చలేకపోతే షాఫ్ట్‌కు ముక్క అతికి వెల్డింగ్ చేయించమన్నాడు. కల్టివేటర్‌కు పై కొక్కెం అసలు అందడమే లేదు. మా అబ్బాయి వెనక నిలబడి అటూ ఇటూ నెడితే తప్ప ఏదీ సరిగ్గా తగులుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: గేర్‌బాక్స్ జోలికి పోకండి. మీరు రాసిన మూడు లక్షణాల్లో ఒక్కటీ గేర్‌బాక్స్ లక్షణం కాదు. గేర్‌బాక్స్ పోతే ఎత్తినా దించినా మోత వస్తుంది, నూనె కారొచ్చు, పెట్టె చెయ్యి పెట్టలేనంతగా కాలొచ్చు. ఎత్తినప్పుడు మాత్రమే కొట్టుకోవడం, ఆ తర్వాత ఊడిపోవడం, మళ్లీ తొడిగాక వణకడం, ఇవన్నీ షాఫ్ట్ చెబుతున్న మాటలు.

జరిగింది ఇదీ. క్విక్ హిచ్ ఫ్రేమ్ ట్రాక్టర్ వెనక పనిముట్టును మోసే రెండు కింది కడ్డీలకూ (లోయర్ లింకులు) పనిముట్టుకూ మధ్య దూరుతుంది. దాని మందం వల్ల రోటవేటర్ సుమారు 10 సెంటీమీటర్లు వెనక్కి జరిగింది. షాఫ్ట్ మాత్రం పాతదే. లోపలి గొట్టం బయటి గొట్టంలో ఇదివరకు 22 సెంటీమీటర్లు దూరి ఉండేదనుకుంటే ఇప్పుడు 12 మాత్రమే దూరి ఉంది. పైకెత్తితే ఇంకొంచెం బయటికొస్తుంది. కొసన పట్టుకుని తిరిగే గొట్టం ఊగుతుంది, కొట్టుకుంటుంది, చివరికి జారిపోతుంది. ఫ్రేమ్ బిగించిన రోజే షాఫ్ట్ కొలవాలని అమ్మినవాడు చెప్పి ఉండాల్సింది. చెప్పకపోగా గేర్‌బాక్స్ అంటగట్టబోయాడు.

వెల్డింగ్ మాట మరిచిపోండి. పీటీవో షాఫ్ట్ నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. అతుకు వేసిన గొట్టం వెంట్రుకవాసి వంకరున్నా ఆ వేగంలో అది పెద్ద ఊపు అవుతుంది. వెల్డింగ్ వేడికి అతుకు పక్కన లోహం బలం మారి, సరిగ్గా అక్కడే విరుగుతుంది. విరిగిన ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. మీ షాఫ్ట్ ఏ సైజుదో, గొట్టం ఏ ఆకారంలో ఉందో చూసి, అదే రకంలో పొడుగుది తెచ్చుకోండి. పొడుగు ఎక్కువైతే కోయొచ్చు, తక్కువైతే అతకకూడదు.

కొలిచే పద్ధతి చెబుతాను. చదును నేల మీద షాఫ్ట్ లేకుండా రోటవేటర్‌ను హిచ్‌కు తగిలించండి. ట్రాక్టర్ పీటీవో మొన, రోటవేటర్ గేర్‌బాక్స్ మొన ఒకే ఎత్తుకు వచ్చేదాకా హైడ్రాలిక్ లివర్ మెల్లగా కదపండి. రెండు మొనల మధ్య దూరం అన్నిటికన్నా తక్కువ ఉండేది అక్కడే. ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, రోటవేటర్ కింద గట్టి దుంగలు పెట్టండి. షాఫ్ట్‌ను రెండు ముక్కలుగా లాగి ఒకటి ట్రాక్టర్ వైపు, ఒకటి రోటవేటర్ వైపు తొడిగి పక్కపక్కన ఆనించి పట్టుకోండి. ఈ స్థితిలో ఏ గొట్టం కొసా ఎదుటి జాయింటు (షాఫ్ట్ కొసన వంగుతూ తిరిగే కీలు) మొదలును తాకకూడదు, కనీసం రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. తాకేంత పొడుగుంటే దించేటప్పుడు గేర్‌బాక్స్ బేరింగును గునపంతో పొడిచినట్టు పొడుస్తుంది. అప్పుడు నిజంగానే గేర్‌బాక్స్ పోతుంది. తర్వాత పూర్తిగా ఎత్తి ఒకసారి, పూర్తిగా దించి ఒకసారి ఇలాగే చూడండి. అన్నిటికన్నా దూరం ఎక్కువైన చోట కూడా రెండు గొట్టాలు కనీసం 15 సెంటీమీటర్లు ఒకదాంట్లో ఒకటి ఉండాలి. పనిచేసే లోతులో గొట్టం పొడవులో మూడో వంతైనా దూరి ఉండాలి. కోయాల్సి వస్తే లోపలి గొట్టం, బయటి గొట్టం, వాటి ప్లాస్టిక్ కవర్లు అన్నీ ఒకే కొలత తగ్గించండి. కోసిన అంచును ఆకురాయితో నున్నగా రాసి, ఇనుప రజను తుడిచి గ్రీజు పూయండి.

ఇక ఊడిన తర్వాత మొదలైన వణుకు సంగతి. మీది చతురస్రపు గొట్టమని నా అనుమానం. దాన్ని నాలుగు రకాలుగా తొడగొచ్చు, అందులో రెండు తప్పు. గొట్టం రెండు చివర్లా ఫోర్కులాంటి చెవులు ఉంటాయి కదా, గొట్టానికి అతికి ఉన్న ఆ రెండు జతల చెవులూ ఒకే వరసలో ఉండాలి. షాఫ్ట్‌ను నేల మీద పెట్టి ఒక కొస నుంచి ఒక కన్ను మూసి చూడండి. ఒక జత నిలువుగా, రెండోది అడ్డంగా కనిపిస్తే మీరు పావు మెలిక తప్పి తొడిగారన్నమాట. యూనివర్సల్ జాయింటు వంగి తిరిగేటప్పుడు వేగం సమంగా ఉండదు, ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. చెవులు వరసలో ఉంటే ఒక జాయింటు చేసిన హెచ్చుతగ్గును రెండోది సరిచేస్తుంది. వరస తప్పితే రెండూ కలిసి రెట్టింపు చేస్తాయి. పొడుగు షాఫ్ట్ వచ్చేదాకా ఆగకుండా ఇది మాత్రం ఈ రోజే చూడండి. అయితే పొట్టి షాఫ్ట్‌తో దున్నకండి, చూసి పక్కన పెట్టండి.

టాప్ లింక్ (పనిముట్టు పైభాగాన్ని ట్రాక్టర్‌కు కలిపే, పొడవు మార్చగల కడ్డీ) కూడా మళ్లీ సరిచేసుకోవాలి. ఫ్రేమ్ పెట్టక ముందున్న పొడవు ఇప్పుడు పనికిరాదు. రోటవేటర్ పనిచేసే లోతులో ఉన్నప్పుడు పక్కకు వెళ్లి కూర్చుని చూస్తే పీటీవో మొన, గేర్‌బాక్స్ మొన ఒకదానికొకటి సమాంతరంగా కనిపించాలి. షాఫ్ట్ వంపు పని చేసేటప్పుడు 15 డిగ్రీలు దాటకపోతే మంచిది. గట్టు దగ్గర తిరిగేటప్పుడు బ్లేడ్లు నేల వదిలితే చాలు, జానెడు కన్నా ఎత్తనక్కర్లేదు. లివర్ దగ్గర ఉండే స్టాపు మరను అక్కడికి బిగించుకోండి. దారి మీదకు వెళ్లేటప్పుడు మాత్రం ముందు పీటీవో ఆపి, తర్వాత పూర్తిగా ఎత్తండి. పక్క చెయిన్లు రోటవేటర్‌కు బిగుతుగా ఉండాలి.

ఇప్పుడు మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసేసిన సంగతికి వస్తాను. మీ అబ్బాయి వెనక నిలబడుతున్నాడన్నారు. నాకు మీ రోటవేటర్ కన్నా అదే ముఖ్యం. అతన్ని అక్కడి నుంచి వెంటనే తప్పించండి. మీరు క్లచ్ మీద కాలు పెట్టి వెనక్కి చూస్తూ అంగుళం అంగుళం రివర్స్ చేస్తుంటారు. టైరు కింద మట్టిగడ్డ ఒక్కసారి నలిగితే ట్రాక్టర్ జానెడు గెంతుతుంది. ఇనుప ఫ్రేముకూ రోటవేటర్ మాస్టుకూ (పై పిన్ను ఉండే నిలువు చట్రం) మధ్య మనిషి ఉంటే ఆ జానెడు చాలు. పీటీవో కూడా తిరుగుతుంటే చెప్పనే అక్కర్లేదు. 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది. జాయింటు దగ్గర చుట్టుకొలత 22 సెంటీమీటర్లున్నా, పట్టుకున్న చొక్కా కొసను సెకనుకు రెండు మీటర్ల చొప్పున చుట్టేస్తుంది. చేయి లాక్కునే వ్యవధి ఎవరికీ ఉండదు. షాఫ్ట్ ఊడిన రోజు దాని ప్లాస్టిక్ కవరు కూడా పగిలే ఉంటుంది. పగిలిందా లేదా మీరు రాయలేదు. పగిలితే కొత్తది వేయండి, కవరు తిరగకుండా పట్టే చిన్న గొలుసును ట్రాక్టర్‌కు కట్టండి. కవరు అడ్డమని తీసి పారేసినవాళ్లను చాలామందిని చూశాను. గ్రీజు కొట్టడానికి అడ్డమట!

క్విక్ హిచ్ కనిపెట్టిందే మధ్యలో మనిషి అక్కర్లేకుండా. మనిషి పట్టుకుంటే తప్ప తగలడం లేదంటే బిగింపులో తప్పుందని అర్థం. ముందు పనిముట్టును వదిలే పద్ధతి మార్చండి. చదునైన గట్టి నేల మీద, ముందుకు వాలకుండా స్టాండు వేసి దించితే మళ్లీ తగిలించేటప్పుడు అది అక్కడే, అలాగే ఉంటుంది. లోయర్ లింకుల ఎత్తు రెండు వైపులా సమానం చేయండి, కుడి లింకు పిడి తిప్పితే ఆ తేడా పోతుంది. ట్రాక్టర్‌ను నేరుగా వెనక్కి తెచ్చి, కొక్కేలు పనిముట్టు పిన్నుల కన్నా కిందికి ఉండేలా ఫ్రేమ్ దించి, పిన్నుల కిందకి చేరాక మెల్లగా ఎత్తండి. పై కొక్కెం పట్టుకుంటుంది, కింది రెండూ కూర్చుంటాయి. లాకులు టక్కుమని పడాలి. పడ్డాయని అనుకోవద్దు, ఇంజిన్ ఆపి దిగి రెండు వైపులా లాకు నాలుక పిన్ను మీదకు వచ్చిందో లేదో కంటితో చూడండి. పది సెంటీమీటర్లు ఎత్తి, దించి, మళ్లీ చూడండి. షాఫ్ట్ తొడగడం అన్నిటికన్నా చివర, అదీ ఇంజిన్ ఆగి ఉన్నప్పుడే.

పిన్నులకు బుష్‌లు వేశారా? మీ ట్రాక్టర్ కింది పిన్ను 22, పై పిన్ను 19 మిల్లీమీటర్లు ఉంటే అది కేటగిరీ 1 (చిన్న ట్రాక్టర్ల పిన్ను కొలత). క్విక్ హిచ్ కొక్కేలు ఆ వట్టి పిన్నుకు కాదు, దాని మీద తొడిగిన బుష్‌కు సరిపోయేలా చేస్తారు. కింద బుష్ బయటి వ్యాసం 36-37 మిల్లీమీటర్లు, పైన 32 దాకా ఉంటుంది. బుష్ లేకపోతే పిన్ను కొక్కెంలో గలగలమంటుంది, లాకు సరిగ్గా పడదు. మీ అబ్బాయి నెట్టాల్సి రావడానికి ఇది కూడా కారణం కావచ్చు.

కల్టివేటర్‌కు పై కొక్కెం అందకపోవడం మామూలే. హిచ్‌లో కింది కొక్కేలకూ పై కొక్కేనికీ మధ్య నిలువు దూరం సాధారణంగా 38 సెంటీమీటర్లు ఉంటుంది. కేటగిరీ 1 పనిముట్లలో మాస్టు 46 సెంటీమీటర్ల ఎత్తుకు చేసినవి చాలా ఉన్నాయి. ఎనిమిది సెంటీమీటర్ల తేడా ఎంత ఎత్తినా పూడదు. మీ ఫ్రేమ్‌లో పై కొక్కేన్ని జరిపే రంధ్రాలుంటే జరపండి. లేకపోతే మాస్టు పలకలను కోయించకుండా, కింది పిన్నులకు సరిగ్గా నిలువుగా, 38 సెంటీమీటర్ల ఎత్తున కొత్త రంధ్రం వేయించి పిన్ను పెట్టండి. పలకల మధ్య కొక్కెం దూరేంత జాగా ఉందో ముందే చూసుకోండి. పై పిన్ను కింది పిన్నుల కన్నా ముందుకో వెనక్కో ఉంటే కల్టివేటర్ వాలుతుంది. ఐదు పళ్ల కల్టివేటర్ తేలికే కాబట్టి, ఇంత శ్రమ ఎందుకనుకుంటే దాన్ని పాత పద్ధతిలోనే పిన్నులతో తగిలించుకోండి. నేనైతే అదే చేస్తాను. బ్లేడుకు కూడా 38 కొలత ఉందో లేదో చూడండి, ఉంటే చింత లేదు.

మీరు అడగలేదు గానీ, ముందు చక్రాల సంగతి కూడా చూడాలి. ఉదాహరణకు మీ ట్రాక్టర్ 900 కిలోలు, అందులో 360 ముందు చక్రాల మీద, ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 150 సెంటీమీటర్లు అనుకుందాం. లోయర్ లింకు కొసలు వెనక ఇరుసు నుంచి 80 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి, 250 కిలోల రోటవేటర్ బరువు మధ్యబిందువు ఆ కొసల నుంచి మరో 50 వెనక ఉందనుకుంటే, ఎత్తగానే ముందు మీది బరువు 217 కిలోలు తగ్గి 143 మిగులుతుంది. ఇప్పుడు పది సెంటీమీటర్లు వెనక్కి జరిగింది, పైగా ఫ్రేమ్ బరువు 35 కిలోలు. మిగిలేది 107. స్టీరింగ్ మాట వినాలంటే ట్రాక్టర్ బరువులో ఐదో వంతైనా, అంటే 180 కిలోలు, ముందు చక్రాల మీద ఉండాలి. ముందు ఇరుసుకు 60 సెంటీమీటర్లు ముందుగా 50-60 కిలోల బరువు పలకలు వేస్తే ఈ లోటు తీరుతుంది. మీ ట్రాక్టర్ పుస్తకంలోని అంకెలు పెట్టి మీరే లెక్క వేసుకోండి. ఎత్తే సామర్థ్యం కూడా ఇలాగే తగ్గుతుంది. పుస్తకంలో రాసే కిలోలు కొన్నిట్లో లింకు కొసల దగ్గర, కొన్నిట్లో అక్కడి నుంచి 61 సెంటీమీటర్ల వెనక కొలిచినవి, ఇప్పుడు బరువు అంతకన్నా వెనక్కి పోయిందేమో చూసుకోండి.

పొడుగు షాఫ్ట్ వేసి, చెవులు వరసలో పెట్టి, టాప్ లింక్ సరిచేశాక కూడా మోత పోకపోతే షాఫ్ట్ జాయింట్లలోని క్రాసులు (కూడిక గుర్తు ఆకారపు ముక్కలు) చేత్తో కదిపి చూడండి, వదులుంటే మార్చండి. అప్పటికీ ఆగకపోతే గేర్‌బాక్స్ అడుగు ప్లగ్ విప్పి తెల్ల కాగితం మీద కాస్త నూనె వదలండి. మెరిసే ఇనుప పొట్టు కనిపిస్తే ఆ కాగితం ఫోటో, కొత్త షాఫ్ట్ కొలతలు కలిపి మళ్లీ రాయండి.