జీసీఎస్ 15, జీఓఎస్ఈ 4: రెండూ నిజమే

అన్నా, బైక్ యాక్సిడెంట్‌ల తలకు దెబ్బ తగిలినంక మీ తమ్మునికి డిశ్చార్జ్ కాగితంలో జీసీఎస్ 15 అని, ఆరు నెలలకు జీఓఎస్ఈ 4 అని రాసిన్రు, తగ్గిందా పెరిగిందా అని అడిగినవ్. తగ్గలేదు, భయపడకు. అవి వేర్వేరు కొలతలు. జీసీఎస్ (గ్లాస్గో కోమా స్కేల్) 3 నుంచి 15 దాకా, ఆ పూట స్పృహ ఎంత ఉందో చెప్తది, అంతే; 15 అంటే పూర్తి స్పృహ. జీఓఎస్ఈ (గ్లాస్గో అవుట్‌కమ్ స్కేల్ ఎక్స్‌టెండెడ్) 1 నుంచి 8 దాకా, మనిషి తన పాత బతుకులోకి ఎంతవరకు తిరిగొచ్చిండో చూస్తది; అందుల 4 అంటే తీవ్ర వైకల్యం కిందికొస్తది.

నడుస్తున్నడు, మాట్లాడుతున్నడు, మరి తీవ్ర వైకల్యం ఎట్ల అంటవా? ఎనిమిది గంటలు ఇంట్లో ఒక్కడే ఉండగలిగినా, కిరాణా కొట్టుకు పోయి సామాను తెచ్చుకోలేకపోతే, లేదా ఉన్న ఊర్లనే ఆటోలోనో బస్సులోనో ఒంటరిగా తిరగలేకపోతే, దెబ్బకు ముందు ఆ పనులు చేసినోడైతే, 4 పడ్తది.

ఈసారి డాక్టర్ దగ్గరికి నువ్వే వెంట పో. తలకు దెబ్బ తగిలినోళ్లకు తమ లోపం తమకే తెల్వకపోవచ్చు, "అన్నీ చేస్కుంటున్న" అంటరు. ఐదు వందల నోటిస్తే చిల్లర లెక్క చూసుకుంటున్నడా, మందులు యాదికుంటున్నయా, కోపం పెరిగిందా, ఉన్నదున్నట్టు చెప్పు. పరువు అని దాచకు, చికిత్స దాన్నిబట్టే ఉంటది. ఏడాదికి మళ్లీ కొలవమని అడుగు, ఆరు నెలల తర్వాత కూడా కోలుకునేటోళ్లు ఉన్నరు.

వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్ శాతం వేరే లెక్క. జీఓఎస్ఈ 4 అంటే 40 శాతం వైకల్యం కాదు.