ఇచ్చిన అర్జీకి రశీదు, తీసుకున్న చందాకు రశీదు

ఈ నెల అందిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. చిన్న ఊళ్లలో హక్కుల పని, సేవ పని కలిపి చేసే సంఘాన్ని ఎలా నడపాలన్నదే ఆ విషయం. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాము. స్థలాభావం వల్ల ఉత్తరాలను కుదించక తప్పలేదు.

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రం. పన్నెండు మందిమి కలిసి నాలుగేళ్లుగా రక్తదాన శిబిరాలు, వేసవిలో చలివేంద్రం, బడి పిల్లలకు నోటు పుస్తకాల పంపిణీ చేస్తున్నాము. నిరుడు కూలి డబ్బు ఆగిపోయిన ఒక కుటుంబం కోసం, ఆ తరువాత స్టేషన్‌లో ఉంచేసిన ఒక కుర్రవాడి కోసం అర్జీలు పెట్టాము. అప్పటి నుండి మాలో రెండు మాటలు మొదలయ్యాయి. హక్కులంటూ తిరిగితే పెద్దలు చందా ఆపేస్తారని కొందరు, పుస్తకాలు పంచి ఊరుకోవడానికి సంఘం ఎందుకని మరికొందరు అంటున్నారు. రెండు పనులూ ఒకే సంఘం చేయవచ్చునా? రిజిస్ట్రేషన్ తప్పనిసరా?

జవాబు: చేయవచ్చు. నా అనుభవంలో చేయడమే మంచిది. వరంగల్‌లో డాక్టర్ రామనాథం గారు పిల్లల వైద్యులు, ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం నాయకులు కూడా. 1985 సెప్టెంబరు 3న ఆయనను ఆయన ఆసుపత్రిలోనే కాల్చి చంపారు. బిడ్డ జ్వరానికి మందు రాసిన మనిషి దగ్గరకే, పెద్ద కొడుకు స్టేషన్ నుండి తిరిగి రాలేదని చెప్పుకోవడానికి కూడా జనం వెళ్తారు. నమ్మకం రెండు దుకాణాలలో విడివిడిగా దొరికే సరుకు కాదు.

అయితే ఈ రెండు పనుల స్వభావం వేరు. నోటు పుస్తకం మీరు ఇస్తే మీ మంచితనం, ఇవ్వకపోతే నిలదీసే హక్కు ఎవరికీ లేదు. కూలి డబ్బు అటువంటిది కాదు. అది వాళ్ల చెమట, దానిని ఇవ్వవలసినవాడు ఒకడున్నాడు. కూలి ఆగిన ఇంటికి మీరు చందా డబ్బుతో నెల సరుకులు పంపి అక్కడితో ఊరుకుంటే ఆ పూటకు పొయ్యి వెలుగుతుంది గానీ, బాకీపడినవాడికి కూడా మీ చందాతోనే మేలు చేసినట్టవుతుంది. కాబట్టి సరుకులు పంపిన రోజే అర్జీ కూడా పెట్టించండి. రెండు పనుల లెక్కలు మాత్రం వేరు వేరు పుస్తకాలలో ఉండాలి. పిల్లల పుస్తకాల కోసమని ఇచ్చిన డబ్బు హైకోర్టు ప్రయాణ ఖర్చుకు వాడారని రేపు ఒక్కరు అన్నా, పుస్తకం తెరిచి చూపించగలగాలి.

ఇక చందా ఆపేసే పెద్దల సంగతి. ఒక్కరు ఇచ్చే పదివేల చోట నూరు మంది తలా నూరు రూపాయలు ఇచ్చేలా చూసుకోండి. ఆ నూరు రశీదులు చింపి చేతికివ్వడానికి కార్యవర్గం నాలుగు ఆదివారాలు ఇంటింటికీ తిరగవలసి వస్తుంది, అది నిజమే. కానీ నూరు రూపాయలిచ్చినవాడు ఫలానా కేసు వదిలేయమని మీకు ఫోన్ చేయడు.

మాట్లాడటానికి, అర్జీ పెట్టడానికి, సభ జరపడానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదు. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ రాజ్యాంగం 19వ అధికరణమే ఇచ్చింది. కానీ సంఘం పేరిట దావా వేయాలంటే అది లేకుండా కుదరదు. ఉభయ తెలుగు రాష్ట్రాలలోనూ ఇందుకు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే ఆధారం. కనీసం 7 మంది సభ్యులు, ఆశయ పత్రం, నిబంధనావళి ఉండాలి. ఆ నిబంధనావళిని రిజిస్ట్రార్ ఆఫీసు బయట దస్తావేజులు రాసేవారి దగ్గరున్న పాత నమూనా నుండి ఎత్తి రాయించకండి. ఆశయాలలో సేవా కార్యక్రమాల పక్కనే పౌరహక్కుల పరిరక్షణ అని స్పష్టంగా రాసుకుంటే, ఇది మీ పని కాదని రేపు ఎవరూ అనలేరు.

మరొకటి కూడా చెప్పాలి, ఎందుకంటే సంఘాలు చీలిపోయే చోటు సాధారణంగా ఇదే. ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజులలోగా కొత్త కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. చాలామంది మొదటి ఏడాది చేసి మరిచిపోతారు. ఏడెనిమిదేళ్ల తరువాత గొడవ వచ్చినప్పుడు రిజిస్ట్రార్ దగ్గర మొదటి జాబితా ఒక్కటే కనిపిస్తుంది. అందులో ఇద్దరు ఊరు వదిలిపోయి ఉంటారు, ఒకరు కాలం చేసి ఉంటారు, మిగిలినవారు మేమే కార్యవర్గమంటే మేమే అని జిల్లా కోర్టుకెక్కుతారు. అప్పుడు చలివేంద్రం కుండలు ఎవరివో కూడా జడ్జిగారే తేల్చాలి.

ప్రశ్న: ఖమ్మం జిల్లాలో ఒక మహిళా సంఘంలో పనిచేస్తున్నాను. ఎవరైనా సమస్యతో వస్తే మా కార్యదర్శి వెంటనే ఫోన్ తీసి ఎస్సైతోనో తహసీల్దారుతోనో మాట్లాడతారు. చాలాసార్లు పని కూడా అవుతుంది. ఇది సరైన పద్ధతేనా? మొదట ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఫోన్‌తో అయిన పనికి ఆనవాలు ఉండదు. ఆ ఎస్సై బదిలీ అయిన రోజున, లేదా మీ కార్యదర్శి గారికి ఆయనతో మాట పట్టింపు వచ్చిన రోజున, మళ్లీ మొదటికి వస్తుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఏమిటంటే, పని చేయించుకున్న మనిషి తన హక్కు తనకు దక్కిందని అనుకోడు. ఫలానా వారి పలుకుబడి వల్ల అయిందనుకుంటాడు. దానికి మన భాషలో పైరవీ అని ఎప్పటి నుండో పేరుంది, డబ్బు తీసుకోకపోయినా అది పైరవీయే.

ఫోన్ అసలు చేయవద్దని నేను అనడం లేదు. ప్రాణం మీదకు వచ్చినప్పుడు ముందు ఫోనే చేయాలి. కానీ మామూలు రోజున, వచ్చిన మనిషిని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, చెప్పేది మొత్తం వినండి. తెచ్చిన ప్లాస్టిక్ కవరులో నాలుగు మడతల కాగితాలుంటాయి. వాటిని ఆమె చేతనే తేదీల వరుసలో టేబుల్ మీద పరిపించండి. సగం విషయం అక్కడే బయటపడుతుంది: పింఛను ఏ నెలలో ఆగిందో, ఏ నోటీసు ఇంటికి రాలేదో. ఆ తరువాత రిజిస్టరులో వరుస సంఖ్య, తేదీ, ఊరు, విషయం, ఆమె ఏం కోరుతున్నదీ రాసి చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. అర్జీ ఆమె పేరుతోనే ఉండాలి, ఆమే వెళ్లి ఇవ్వాలి. మీరు పక్కన నిలబడితే చాలు. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకునే దాకా కదలకండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇచ్చినా సరే, రశీదు లేని అర్జీ ఇవ్వని అర్జీతో సమానం.

నెల దాటినా జవాబు రాకపోతే, ఆ అర్జీ మీద ఏ తేదీన ఎవరు ఏ చర్య తీసుకున్నారో సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగండి. గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజులలో సమాచారం రావాలి. మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటలలో రావాలి. కదలని ఫైలు ఈ ఒక్క ప్రశ్నకు కదలడం నేను చాలాసార్లు చూశాను.

అసలు కాగితాలు మాత్రం ఎన్నడూ మీ దగ్గర ఉంచుకోకండి. మొదటి ఏళ్లలో మేము ఒక ముసలాయన పట్టాదారు పాస్‌బుక్‌ను జిరాక్సు తీసి ఇస్తామని ఆఫీసులో పెట్టుకున్నాము. మరుసటి వారం గదికి సున్నం వేయించారు, సామాను బయటికీ లోపలికీ మారింది, పుస్తకం కనబడకుండా పోయింది. నకలు తెప్పించడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలూ ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ప్రతి పదిహేను రోజులకూ వచ్చి గుమ్మం దగ్గర కూర్చుని వెళ్లేవాడు. తిడితే బాగుండునని అనిపించేది.

పోలీసు నిర్బంధం విషయం వేరు, అక్కడ గంటలు లెక్క. ఎవరినైనా స్టేషన్‌కు తీసుకెళ్లారంటే ముందు ఎప్పుడు, ఎక్కడి నుండి, ఏ వాహనంలో, ఎవరు చూస్తుండగా అన్నది సమయంతో సహా రాసుకోండి. ప్రయాణానికి పట్టే సమయం మినహాయించి 24 గంటలలోగా మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. కాబట్టి మీరు రాసుకున్న ఆ మొదటి గంటే తరువాతి వాదనకంతా పునాది. అరెస్టు మెమో మీద కుటుంబ సభ్యుడో స్థానికుడో సాక్షి సంతకం చేయాలని, బంధువులకు కబురు చేయాలని డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. ఆ నియమాలు ఇప్పుడు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోనే ఉన్నాయి. పూర్వం ఇటువంటప్పుడు మేము తపాలా ఆఫీసుకు పరుగెత్తి టెలిగ్రాం ఇచ్చేవాళ్లం, దాని మీద సమయం కూడా అచ్చయ్యేది. 2013 జులైలో టెలిగ్రాం ఆగిపోయింది. ఇప్పుడు ఎస్పీకి, మెజిస్ట్రేటుకు, మానవ హక్కుల కమిషన్‌కు ఈమెయిల్ పంపితే అదే పని చేస్తుంది, పైగా పైసా ఖర్చు లేదు. వకీలు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పండి, 15100కు ఫోన్ చేసినా సరే. నిర్బంధంలో ఉన్నవారికి, స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది.

ప్రశ్న: మా ఊళ్లో దళితవాడ యువకుడిని కొట్టినవారు మా సంఘం కోశాధికారికి దగ్గరి బంధువులు. కేసు లేకుండా సర్దుబాటు చేయమని రెండు వైపుల వారూ మమ్మల్నే అడుగుతున్నారు. ఏం చేయమంటారు? (ప్రకాశం జిల్లా పాఠకుడు)

జవాబు: సర్దుబాటు చేయకండి. రెండు వైపులా అడుగుతున్నారని మీరు రాశారు గానీ, దెబ్బలు తిన్నవాడు నలుగురి మధ్యా నిలబడి అడగడానికీ, ఒంటరిగా ఉన్నప్పుడు అడగడానికీ తేడా ఉంటుంది. కారంచేడు మీ పొరుగునే ఉంది; 1985 జులై 17న దళితవాడ మీద జరిగిన దాడి తరువాత ఆ ఊరి దళితులు చీరాల వెళ్లి శిబిరంలో ఎందుకు తలదాచుకున్నారో మీ ఊరి పెద్దవారిని ఎవరిని అడిగినా చెబుతారు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 కింద ఎఫ్ఐఆర్ నమోదుకు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని 2018 సవరణ చెబుతోంది. దర్యాప్తు డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి చేయాలి. బాధితుడికి ప్రభుత్వం ఇవ్వవలసిన సహాయంలో కొంత భాగం ఎఫ్ఐఆర్ దశలోనే రావాలి. చాలా ఊళ్లలో ఆ సంగతే తెలియక, ఆ డబ్బు కోసమే రాజీకి ఒప్పుకుంటారు. మీరు చేయవలసిన మొదటి మేలు ఈ సమాచారం ఆ కుటుంబానికి చెప్పడమే.

కోశాధికారి గారి విషయంలో ఆయనను తప్పుపట్టనవసరం లేదు. ఈ విషయం మీద చర్చ జరిగినంతసేపూ ఆయన బయట ఉంటారని, జరిగింది తెలుసుకోవడానికి సంఘం పంపే నిజనిర్ధారణ బృందంలో ఉండరని మినిట్స్ పుస్తకంలో రాసి ఆయన చేతనే సంతకం చేయించండి. బృందం ఇరువైపుల వారినీ, పోలీసులనూ కలవాలి. ఎవరు మాట్లాడటానికి నిరాకరించారో అది కూడా నివేదికలో రాయాలి. మనవాళ్లు చేసిన హింస మీద మాట్లాడాలా వద్దా అన్న ప్రశ్న ఈ రాష్ట్రంలోని హక్కుల ఉద్యమానికి కొత్త కాదు. రాజ్యం చేసే హింసనే కాక ఉద్యమాలు చేసే హింసను కూడా ప్రశ్నించాలన్న చర్చ ముదిరిన తరువాతే హక్కుల ఉద్యమ నాయకులు బాలగోపాల్ గారు, మరికొందరు 1998లో పౌరహక్కుల సంఘం నుండి బయటికి వచ్చి మానవ హక్కుల వేదిక పెట్టారు.

ఇంకొక సంగతి. చుండూరులో 1991 ఆగస్టు 6న దళితులను ఊచకోత కోస్తే, బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును తమ ఊళ్లోనే పెట్టించుకున్నారు. అయినా ఆ కోర్టు తీర్పు 2007లో వచ్చింది, ఆ శిక్షలను 2014లో హైకోర్టు కొట్టివేసింది. ఇవాళ మీరు రాసే నివేదికను పదహారేళ్ల తరువాత ఎవరో తెరిచి చదవవలసి రావచ్చు. ఆ లెక్కన కాగితమూ సిరా కూడా మంచివి వాడండి.

ప్రశ్న: మా బావమరిది అమెరికాలో ఉంటున్నాడు. సంఘానికి అంబులెన్సు కొనిస్తానంటున్నాడు. నేరుగా ఖాతాకు పంపమనవచ్చునా? (గుంటూరు)

జవాబు: ముందు ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిదో కనుక్కోండి. భారత పౌరుడిగానే ఉంటూ తన సొంత సంపాదన నుండి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి వారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్‌కు మామూలుగా మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో ఆశయాల మీద 15 లక్షల ఖర్చు చూపాలి; డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. చిన్న సంఘానికి ఇది తలకు మించిన భారం.

భారత పాస్‌పోర్టే అయితే దాని నకలు ఒకటి, డబ్బు సొంతమేనని ఆయన రాసిచ్చిన కాగితం ఒకటి తీసుకుని, అంబులెన్సు కొనకముందే రశీదు పంపండి. డ్రైవరు జీతం, డీజిలు, బీమా నెలనెలా ఎవరు కడతారన్నది కూడా ఆ ఫోన్‌లోనే అడగండి. రెండో ఏట బీమా కట్టలేక చెట్టు కింద నిలబడిపోయిన అంబులెన్సులు మా తాలూకాలోనే రెండున్నాయి.