అంకె నిలకడగా ఉందంటే సరైనదని అర్థం కాదు

సర్క్యూట్‌లోకి వెళ్లే పల్సుకూ బయటికి వచ్చే పల్సుకూ మధ్య జాప్యం పది నానోసెకన్ల లోపే అని, సెకనుకు 100 కోట్ల శాంపిళ్లు (వోల్టేజీ నమూనాలు) తీసే 100 మెగాహెర్ట్జ్ ఆసిలోస్కోపుతో, అంటే వోల్టేజీ కాలంతో ఎలా మారుతుందో తెర మీద గీసే పరికరంతో చూస్తే కొలిచిన ప్రతిసారీ అంకె మారుతోందని రాశారు. ఇంతకన్నా ఖరీదైన స్కోపు కొనాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు. కదిలే అంకె కనీసం కంటికి కనిపిస్తోంది, దాన్ని తగ్గించే దారులున్నాయి. నన్ను బాగా ఇబ్బంది పెట్టింది మాత్రం కదలని తప్పు.

ఒకసారి 74హెచ్‌సి రకం ఇన్వర్టర్ (ఇన్‌పుట్ సంకేతాన్ని తలకిందులు చేసి ఇచ్చే లాజిక్ చిప్) జాప్యం కొలిచాను. 9.2 నానోసెకన్లు వచ్చింది. వెయ్యి కొలతల సగటు తీసినా అదే 9.2. అంత నిలకడగా ఉండేసరికి స్కోపును నమ్మి, రెండు రోజులు చిప్‌ను అనుమానించాను. చివరికి ప్రోబులను (సర్క్యూట్‌కు తాకించే కొలత తీగలను) స్కోపు చానెళ్ల నుంచి తీయకుండా, వాటి మొనలను మాత్రం తారుమారు చేశాను. ఇన్‌పుట్ మీద ఉన్నది అవుట్‌పుట్ మీదికి, అవుట్‌పుట్ మీదిది ఇన్‌పుట్ మీదికి. కొలతను రెండో చానెల్ నుంచి ఒకటో చానెల్‌కు అని మార్చి చూస్తే 5.8! అసలు జాప్యం ఈ రెండింటి సగటు, అంటే 7.5. మిగిలిన 1.7 నానోసెకన్లు నా ప్రోబులవి. రెండూ వేర్వేరు రకాలు, ఒకదాని తీగ ఇంకోదాని కన్నా జానెడున్నర పొడవు. కోయాక్సియల్ తీగలో సంకేతం మీటరు దాటడానికి సుమారు 5 నానోసెకన్లు పడుతుంది, లెక్క సరిపోయింది. మీరు కూడా ముందు ఇదే చేయండి. ఆ తర్వాత రెండు ప్రోబులనూ ఒకే బిందువు మీద పెట్టి, స్కోపు మెనూలోని డీస్క్యూ అమరికతో తేడాను సున్నా చేసుకోవచ్చు. ప్రోబు మార్చిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి.

ఇక కదిలే అంకె సంగతి. నాయిస్ (సంకేతంలో కలిసే అనవసరపు అలజడి) వోల్టేజీని పల్సు అంచు ఏటవాలుతో భాగిస్తే కాలంలో వచ్చే ఊగిసలాట తెలుస్తుంది. 3.3 వోల్టుల పల్సు 3.3 నానోసెకన్లలో లేస్తే, 20 మిల్లీవోల్టుల నాయిస్ వల్ల వచ్చే తేడా 20 పికోసెకన్లే (నానోసెకనులో వెయ్యో వంతు పికోసెకను). అదే పల్సు 330 నానోసెకన్లలో నెమ్మదిగా లేస్తే తేడా 2 నానోసెకన్లు. అందుకే అంచును వీలైనంత నిటారుగా ఉంచాలి, అది అత్యంత నిటారుగా ఉన్న చోటే కొలవాలి. సాధారణంగా అది సగం ఎత్తు దగ్గర ఉంటుంది. తరంగం తెర ఎత్తును దాదాపు నింపేలా వోల్టు స్కేలు పెట్టండి. 8 బిట్ల స్కోపులో మొత్తం 256 మెట్లే ఉంటాయి. ఎనిమిది గడుల తెరలో పల్సు ఒక్క గడిలో సర్దుకుంటే దానికి దక్కేవి 32.

ప్రోబు గ్రౌండ్‌కు మొసలి క్లిప్పున్న పొడవాటి వైరు వాడుతుంటే తీసేసి, మొన దగ్గర బిగించే చిన్న స్ప్రింగ్ వాడండి. పొడవాటి వైరు ఇండక్టెన్స్ వల్ల అంచు మీద అలలు లేస్తాయి. ఆ అలల శిఖరాన్నే పల్సు ఎత్తు అనుకొని స్కోపు సగం ఎత్తును తప్పుగా లెక్కిస్తుంది. నేనైతే కొలిచే చోటును శాతంలో చెప్పడం వదిలేసి నేరుగా 1.65 వోల్టులని (3.3లో సగం) నిర్ణయిస్తాను.

రెండు చానెళ్లు తెరిచినప్పుడు శాంప్లింగ్ రేటు ఎంతుందో కూడా చూడండి. చాలా స్కోపుల్లో అది సగానికి పడిపోతుంది. అప్పుడు శాంపిళ్ల మధ్య దూరం 2 నానోసెకన్లు, మీ స్కోపు చూపగల అతి వేగమైన అంచు 3.5 నానోసెకన్లు. అంటే అంచు మీద పడేది ఒకటో రెండో చుక్కలు, వాటి మధ్య స్కోపు గీసే గీతను నమ్మడం కష్టం. నాలుగు చానెళ్ల స్కోపైతే వోల్టేజీని అంకెలుగా మార్చే కన్వర్టర్‌ను పంచుకోని జతను ఎంచుకోండి.

వీటన్నిటి తర్వాతే సగటు. అదీ తరంగాల సగటు కాదు, కొలతల సగటు. తరంగాలను కలిపితే ట్రిగ్గర్ (స్కోపు తరంగాన్ని పట్టుకునే క్షణం) ఊగిసలాట వల్ల అంచులు చెదిరి మొద్దుబారతాయి. 100 కొలతలు తీస్తే ఊగిసలాట పదో వంతుకు తగ్గుతుంది, ఆ కొలతలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే.

స్కోపు లోపలి గడియారం గురించి మీరిప్పుడు దిగులుపడనక్కర్లేదు. అది పది లక్షలకు 25 వంతులు తప్పినా 10 నానోసెకన్లలో ఆ తేడా పావు పికోసెకను. కానీ రేపు ఇదే స్కోపుతో 1 మిల్లీసెకను కొలిస్తే అది 25 నానోసెకన్లవుతుంది. అప్పుడు బయటి నుంచి 10 మెగాహెర్ట్జ్ ప్రామాణిక సంకేతం ఇవ్వాలి, లేదా రెండు సంకేతాల మధ్య కాలాన్ని కొలిచే టైమ్ ఇంటర్వల్ కౌంటర్ వాడాలి.