భోజనం, రూము ఇచ్చి జీతంలో పట్టుకుంటే అది జీతం కిందికి వస్తుందా?

మీరు భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో చేరారు. "పద్నాలుగు వేలు, భోజనం, రూము ఫ్రీ" అని చేర్చుకుని, నెలాఖరుకి మెస్సు కింద 2,500, రూము కింద 1,000 పట్టుకున్నారు. అడిగితే "అవి కూడా జీతమే కదా" అన్నారు. ఇదీ మీ ప్రశ్న.

అలాంటి ప్లాంటులోనే నేను ఆరేళ్లు జీతాల రిజిస్టరు రాశానండి. ముందు పే స్లిప్పు తీసి చూడండి. జీతం 14,000 అని వేసి, పట్టుకున్న 3,500 విడిగా చూపించారా, లేక జీతమే 10,500 అని వేసి మెస్సు ఊసెత్తలేదా? చేతికొచ్చేది ఇంచుమించు ఒకటేలా కనిపిస్తుంది. కానీ 14,000 మీద మీ పీఎఫ్ 12 శాతం, అంటే 1,680. 10,500 మీదైతే 1,260. నెలకి 420 మీ వైపు, ఇంకో 420 యజమాని వైపు తగ్గిపోతుంది. బోనస్, గ్రాట్యుటీ కూడా ఆ చిన్న అంకె మీదే లెక్క కడతారు. మా ప్లాంటులో చేసింది ఈ రెండో పనే. రాసింది నేనే, దాచుకోను.

రూము సంగతి తేలిక. యజమాని ఇచ్చిన ఇల్లు, కరెంటు, నీళ్ల విలువ జీతం కిందికి రాదు. 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనూ అంతే, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ అంతే. రూము ఇచ్చాం కాబట్టి కనీస వేతనం సరిపోయిందంటే కుదరదు. అద్దె పట్టుకోవడం వేరే విషయం, దానికి చట్టంలో వీలుంది. అయితే అన్నీ కలిపి పట్టుకునేది జీతంలో సగం దాటకూడదు.

తిండి దగ్గరే చిక్కంతా. మన వైపు పాలేరుకి ధాన్యం బస్తాలు, రెండు పూటలా అన్నం కలిపి జీతం మాట్లాడుకునేవాళ్లు కదా, ఆ అలవాటు ప్లాంటుల్లోకీ వచ్చింది. కొత్త కోడ్ ప్రకారం జీతానికి బదులు వస్తురూపంలో ఏదైనా ఇస్తే, మొత్తం జీతంలో 15 శాతం వరకే అది జీతంగా చెల్లుతుంది. మీ 14,000కి అది 2,100. మెస్సు 2,500 మొత్తం జీతమే అంటే ఒప్పుకోకండి.

ఉచితంగా పెట్టినా పాత పీఎఫ్ చట్టంలో ఇంకో మెలిక ఉండేది. 1952 చట్టం పీఎఫ్ లెక్కకి డీఏలో (కరువు భత్యంలో) భోజన రాయితీ విలువని కూడా కలిపి లెక్కగట్టమంది. ఒకసారి తనిఖీకి వచ్చినాయన నా రిజిస్టరు పక్కనపెట్టి నేరుగా వంటశాలకి వెళ్లాడు. రోజుకి ఎన్ని కంచాలు లేస్తాయని వంటామెని అడిగాడు. ఆవిడ గొప్పగా "రెండు వందల పైనే బాబూ, రాత్రి షిఫ్టుకి చేపల పులుసు కూడా" అంది. నాకు చెమటలు పట్టాయి. బకాయిలు కట్టాం, తిట్లు మాత్రం నాకే పడ్డాయి.

ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్క వేరు, మీ జీతానికి ఆ టెన్షన్ అక్కర్లేదు.

ఇప్పుడు చేయాల్సింది: మీ పీఎఫ్ నంబరైన యూఏఎన్‌తో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి ఏ జీతం మీద కట్టారో చూడండి. "ఫ్రీ" అన్న మాట అపాయింట్‌మెంట్ లెటరులో గానీ, వాట్సాప్‌లో గానీ ఉంటే ఫోటో తీసి పెట్టుకోండి. ముందు ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే ఆ కాగితాలన్నీ పట్టుకుని మీ ప్రాంతం లేబర్ ఆఫీసరు దగ్గరికి వెళ్లండి. స్లిప్పులు ఇవ్వకపోతే బ్యాంకు స్టేట్‌మెంటయినా తీసుకెళ్లండి.