వెటర్నరీ క్లినికల్ పాథాలజీ రెసిడెన్సీ: దరఖాస్తు కంటే ముందు మైక్రోస్కోప్

ప్రశ్న: పశువైద్య డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. బ్లడ్ స్మియర్లు (గాజు పలక మీద పలచగా పరిచిన రక్తం), సైటాలజీ (విడి కణాలు చూసే) స్లైడ్లు చూడటమంటే చాలా ఇష్టం. క్లినికల్ పాథాలజీలో రెసిడెన్సీ, అంటే డిగ్రీ తర్వాతి స్పెషలిస్ట్ శిక్షణ, చేద్దామనుకుంటున్నాను. "ఇన్నేళ్లు చదివి ల్యాబ్‌లో కూర్చుంటావా, అది టెక్నీషియన్ పని కదా" అంటున్నారు నాన్న. ఈ దారి నాకు సరిపోతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ముందు నాన్నగారి మాట సంగతి చూద్దాం, అది తేలకపోతే ఇంట్లో రోజూ ఇదే చర్చ. మెషీన్ నడిపి అంకెలు తీసేది టెక్నీషియన్. అదేమీ చిన్న పని కాదు, మంచి టెక్నీషియన్ లేని ల్యాబ్‌లో పాథాలజిస్ట్ చేయగలిగేది చాలా తక్కువ. కానీ ఆ అంకెలు ఆ జంతువు గురించి ఏం చెబుతున్నాయో, అసలు వాటిని నమ్మొచ్చో లేదో తేల్చాల్సింది పాథాలజిస్టే. ఒక కుక్క రిపోర్టులో పొటాషియం విపరీతంగా ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ వచ్చిందనుకో. కంగారుపడి వైద్యం మొదలుపెట్టేలోపు, ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా వేసే, పొటాషియం ఉండి కాల్షియాన్ని పట్టేసే రసాయనం) ట్యూబులోని రక్తం పొరపాటున సీరం ట్యూబులో కలిసిందేమో అని అనుమానించాలి. పిల్లికి ప్లేట్‌లెట్లు తక్కువని మెషీన్ చూపిస్తే, స్మియర్‌లో అవి గుంపులుగా అతుక్కుని ఉన్నాయేమో కళ్లతో చూడాలి. గుర్రం రక్తహీనతలో ఉన్నా రెటిక్యులోసైట్లను (ఇంకా పూర్తిగా ఎదగని ఎర్రకణాలను) రక్తంలోకి దాదాపుగా వదలదు, గ్రేహౌండ్‌లకు ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఎర్రకణాల శాతం ఎక్కువ, పక్షుల ఎర్రకణాల్లో న్యూక్లియస్ ఉంటుంది కాబట్టి మనుషుల రక్తం కోసం చేసిన కౌంటర్‌కి అవి అంతుబట్టవు. జాతి మారితే లెక్కలన్నీ మారతాయి, పశువైద్యం చదవనివాళ్లు ఈ పని చేయలేరు. నాన్నగారికి ఈ ఉదాహరణలే చెప్పు.

ఇంకో అయోమయం కూడా చాలామందికి ఉంటుంది. పోస్ట్‌మార్టమ్, బయాప్సీ కణజాలం చూసేది అనాటమిక్ పాథాలజీ. నువ్వడిగింది రక్తం, మూత్రం, ఛాతీలోనో కడుపులోనో చేరిన నీరు, ఎముక మజ్జ, గడ్డల్లోంచి సూదితో తీసిన నమూనాలు చూసే శాఖ. శిక్షణ వేరు, స్పెషలిస్ట్ పరీక్ష వేరు.

రెసిడెన్సీ సాధారణంగా మూడేళ్లు, ఎంఎస్ గానీ పీహెచ్‌డీ గానీ కలిపితే ఇంకా ఎక్కువ పడుతుంది. రోజులో ఎక్కువ భాగం స్లైడ్లే. ముందు నువ్వు చూసి రిపోర్టు రాస్తావు, తర్వాత సీనియర్ నీతో కలిసి అదే స్లైడ్ చూసి నువ్వు వదిలేసింది చూపిస్తారు, రిపోర్టు దిద్దుతారు. మొదటి నెలల్లో ఈ దిద్దుబాట్లు చాలా టెన్షన్ పెడతాయి, కానీ అసలు నేర్చుకునేది అక్కడే. దీంతోపాటు విద్యార్థులకు చెప్పడం, ఒక పరిశోధన, క్వాలిటీ కంట్రోల్, రిఫరెన్స్ ఇంటర్వెల్స్ (ఆరోగ్యంగా ఉన్న జంతువుల్లో ఉండే విలువల హద్దులు) కట్టడం కూడా ఉంటాయి. చివరి రెండూ విసుగనిపించొచ్చు, అయినా వాటిని తేలిగ్గా తీసుకోవద్దు, రేపు ఒక ల్యాబ్ నీ చేతికి వస్తే దాని నమ్మకం నిలబడేది వాటి మీదే.

పరీక్ష విషయానికొస్తే, 1949లో మొదలైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ పాథాలజిస్ట్స్ రెండు శాఖలకూ సర్టిఫికేషన్ ఇస్తుంది. మొదటి దశలో జనరల్ పాథాలజీ, రెండో దశలో నీ ప్రత్యేక శాఖ. యూరప్‌లో క్లినికల్ పాథాలజీకి విడిగా యూరోపియన్ కాలేజ్ ఉంది. పాసైతే డిప్లొమేట్ అంటారు. యూనివర్సిటీలు, పెద్ద డయాగ్నస్టిక్ ల్యాబ్‌లు, మందుల భద్రత పరీక్షించే కంపెనీలు వీళ్లను తీసుకుంటాయి. స్కాన్ చేసిన స్లైడ్లు చూసి దూరం నుంచే పనిచేసే ఉద్యోగాలూ ఉన్నాయి.

ప్రోగ్రామ్ ఎంచుకునేటప్పుడు పేరు చూసి మోసపోకు. సర్టిఫికేషన్ ఉన్న క్లినికల్ పాథాలజిస్టులు ఎంతమంది ఉన్నారో అడుగు, ఒక్కరే ఉండి వాళ్లు మధ్యలో వెళ్లిపోతే నీ శిక్షణ గాల్లో పడుతుంది. కేసులు ఎన్ని వస్తాయి, ఏయే జాతులవి, పాత రెసిడెంట్లు పరీక్షలో ఎలా నెగ్గారు, చదువుకోడానికి డ్యూటీ లేని సమయం రాతపూర్వకంగా ఇస్తారా, ఇవన్నీ ఇప్పుడున్న రెసిడెంట్లతో విడిగా మాట్లాడి తెలుసుకో. స్టైపెండ్ ప్రాక్టీస్‌లో వచ్చేదానికంటే తక్కువే ఉంటుంది, ఇంట్లో ముందే చెప్పు. వేరే దేశం వెళ్లాలంటే వీసా, లైసెన్స్ నిబంధనలు ప్రోగ్రామ్‌ని బట్టి మారతాయి, జంతువులకు నేరుగా వైద్యం చేయరు కాబట్టి కొన్నిచోట్ల అక్కడి లైసెన్స్ అడగరు, దరఖాస్తుకు ముందే ఈమెయిల్ పెట్టి తేల్చుకో.

ఇక నీకు సరిపోతుందా అన్నది. మీ కాలేజీ ల్యాబ్‌లో అనుమతి అడిగి పాత స్లైడ్లు తీసుకో. అసలు రిపోర్టు చూడకముందే నీ వర్ణన, నీ అభిప్రాయం రాయి, తర్వాత పోల్చు. బయాప్సీ కూడా చేసిన కేసైతే ఇంకా మంచిది, సైటాలజీ ఎక్కడిదాకా చెప్పగలదో, ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. నమూనాలో కణాలు చాలనప్పుడు "దీన్నిబట్టి తేల్చలేం" అని రాయడానికి ధైర్యం కావాలి, అవతల డాక్టరు ఫోన్‌లో ఒత్తిడి పెడుతున్నా సరే. అలా ఆగడం నీకు చేతనవుతుందా, లేక ఏదో ఒక పేరు పెట్టేయాలనిపిస్తుందా, నిజాయితీగా చూసుకో. జంతువును ముట్టుకోకుండా, యజమానితో మాట్లాడకుండా వారాలు గడిస్తే వెలితిగా ఉంటుందనిపిస్తే అది కూడా లెక్కలోకి తీసుకో.

నన్నడిగితే డిగ్రీ అవ్వగానే దూకవద్దు. ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ గానీ ప్రాక్టీస్ గానీ చెయ్యి. రిపోర్టు అందుకునే డాక్టరుకి ఏం కావాలో ఆ కుర్చీలో కూర్చుంటేనే తెలుస్తుంది, ఎంపికలోనూ అది పనికొస్తుంది. సిఫారసు లేఖ మాత్రం క్లాసులో మార్కులు వేసినవాళ్ల కంటే, నీతోపాటు మైక్రోస్కోప్ దగ్గర కూర్చున్న పాథాలజిస్ట్‌ని అడుగు, అందుకైనా ఆ పాత స్లైడ్ల పని ఈ నెలలోనే మొదలుపెట్టు.