అమ్మాయికి, నాన్నకి క్లే షూటింగ్: తక్కువ ఖర్చులో ఏ షాట్‌గన్లు?

డాలస్ దగ్గర ఉంటున్నామని, అమ్మాయికి పన్నెండేళ్లని, క్లే షూటింగ్‌కు, అంటే గాల్లోకి ఎగరేసే మట్టి బిళ్లల్ని కాల్చే ఆటకు, రెండు తుపాకులూ కలిపి 1,200 డాలర్లలోపు రావాలని రాశారు. అమ్మాయికి అన్నిటికన్నా సన్న గొట్టం ఉండే తేలికపాటి .410, మీకు 12 గేజ్ అనుకుంటున్నారు (గేజ్ అంటే గొట్టం లావు కొలత; అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం). నా సలహా వేరండి: ఇద్దరూ 20 గేజే తీసుకోండి.

కొనే ముందు ఒక మాట. మీరు హెచ్-1బి లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉంటే, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడమే నేరం. అమెరికాలో ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకు తీసుకోవడమూ దీని కిందికే వస్తుంది. హెచ్-1బి వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్4 వీసా మీదున్న పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. గ్రీన్ కార్డు ఉంటే ఈ అడ్డంకి లేదు. అనుమానం ఉంటే షాపువాణ్ణి కాదు, ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి. పద్దెనిమిది నిండనివాళ్లకు డీలరు అమ్మడు కాబట్టి అమ్మాయి వాడే తుపాకీ కూడా మీ పేరు మీదే కొనాలి.

ఇద్దరికీ ఒకే గేజ్ ఎందుకంటే, ముందు ప్రాణభయం. 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్ తుపాకీలో పడితే ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) దాటి గొట్టంలోకి జారి అక్కడ ఇరుక్కుంటుంది. పేలలేదేమిటా అని వెనక 12 గేజ్ తూటా పెట్టి కాలిస్తే గొట్టం చేతిలోనే పగులుతుంది. 20 గేజ్ తూటాలు పసుపు రంగులో చేసేది ఇందుకే. తండ్రీ కూతుళ్లు ఒకే సంచిలోంచి తూటాలు తీసుకునే చోట రంగును నమ్ముకోవడం కన్నా రెండో గేజ్ అసలు లేకపోవడమే మేలు. 20 గేజ్ తూటాల పెట్టె 12 గేజ్ దానికంటే కాస్త ఎక్కువ ధర పడొచ్చు. పడనివ్వండి.

.410 వద్దనడానికి కారణం: రెండున్నర అంగుళాల తూటాలో అర ఔన్సు గుళ్లే ఉంటాయి. 20 గేజ్‌లో 7/8 ఔన్సు. గురి దాదాపు కుదిరినా క్లే పగలకపోతే పిల్లలకు ఎక్కడ తప్పిందో అర్థం కాదు, విసుగొస్తుంది. ఇక తేలిక తుపాకీ. అదే తూటా పేల్చినా బరువు 6½ పౌన్ల నుంచి 5½కి తగ్గితే తన్ను (కాల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ) దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. పిల్లలకని అమ్మే చవక సింగిల్ షాట్ తుపాకులు భుజం వాచేలా కొట్టేది అందుకే.

అమ్మాయికి గ్యాస్‌తో పనిచేసే సెమీ ఆటోమేటిక్ (కాల్చిన డొల్లను తానే బయటికి తోసేది) కొనండి. పేలిన గ్యాస్‌లో కొంత పిస్టన్‌ను నెట్టడానికి పోతుంది, తన్ను ఒక్క దెబ్బలా కాక కాస్త సాగి తోపులా వస్తుంది. పాత రెమింగ్టన్ 1100 ఎల్‌టీ-20 యూత్ (పిల్లల కొలతది) దొరికితే వదలొద్దు. కొత్తదే కావాలంటే ట్రైస్టార్ వైపర్ జీ2 యూత్ చూడండి. సెమీ ఆటో పిల్లల చేతికా అని భయం అక్కర్లేదు: మ్యాగజీన్ (తూటాలు నింపి ఉంచే గొట్టం) ఖాళీగా ఉంచి, పక్కనున్న సందులోంచి ఒక్కొక్క తూటానే వేయించండి. మీకు మాస్‌బర్గ్ 500 పంప్ (ప్రతిసారీ చేత్తో వెనక్కి ముందుకి లాగి తూటా ఎక్కించేది), 20 గేజ్‌ది చాలు. డబ్బు ఎక్కువ పెట్టాల్సింది అమ్మాయి తుపాకీ మీద.

కొలత షాపులోనే చూడండి. ట్రిగ్గర్ నుంచి స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) చివరి ప్యాడ్ మధ్య దాకా ఉండే పొడవు పెద్దవాళ్లకు సుమారు 14 అంగుళాలు, ఈ వయసుకు 12 నుంచి 13. తుపాకీ ఖాళీగా ఉందని మీ కళ్లతో చూసుకుని, అమ్మాయిని భుజానికి ఆనించి పట్టుకోమని, అర నిమిషం పక్కనుంచి గమనించండి. నడుము వెనక్కి వంగి పొట్ట ముందుకొస్తే స్టాక్ పొడవో, ముందు బరువో ఎక్కువన్నమాట. ముక్కు బొటనవేలికి తగిలేలా ఉంటే పొట్టి. ఏ కన్ను బలమైనదో కూడా చూడండి: రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్నదాన్ని వేలితో చూపమని, ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను మూస్తే వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుందో అదే బలమైనది. కుడిచేతి వాటమై ఎడమ కన్ను బలమైతే, కళ్లద్దాల ఎడమ గాజు మీద చూపు పడే చోట చిన్న టేపు ముక్క అంటించండి.

తూటాలు 7/8 ఔన్సు, 8 నంబరు గుళ్లు, సెకనుకు 1,200 అడుగుల వేగం దాటనివి. చోక్ (గుళ్లు ఎంత చెదరాలో నిర్ణయించే గొట్టం కొన బిగింపు) ఇంప్రూవ్డ్ సిలిండర్, అంటే కొద్దిపాటి బిగింపు. ట్రాప్ అనే క్లే ఆటలో ఒక రౌండుకు ఒక పెట్టె, అంటే 25 తూటాలు. అమ్మాయి మొదట్లో పదీ పదిహేను కాల్చాక ఆపేయండి. ఇష్టం ఉన్నా చేతులు అలిసిపోతాయి. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు ఉలిక్కిపడుతోందా అన్న అనుమానం వస్తే తనకు చెప్పకుండా మధ్యలో ఒక స్నాప్ క్యాప్ (పేలని ఉత్తుత్తి తూటా) పెట్టండి. పేలకపోయినా గొట్టం కొన కిందికి దిగిందంటే ఆ రోజుకు చాలు.

పాత 1100 కొనేటప్పుడు ఫోరెండ్ (గొట్టం కింద ముందు చేత్తో పట్టుకునే చెక్క) విప్పించండి. దాని చెక్క సన్నగా చీలి ఉండటం మామూలే, కాబట్టి వెలుతురులో తిప్పి చూడండి. మ్యాగజీన్ గొట్టం మీద నల్ల రబ్బరు ఓ-రింగు ఉంటుంది. అది పగిలితే గ్యాస్ కారిపోయి బోల్టు (తూటా వెనక మూసే కదిలే భాగం) పూర్తిగా వెనక్కి రాదు, కాల్చిన డొల్ల సందులో ఇరుక్కుంటుంది. ‘రిపేరు కావాలి’ అని తక్కువకు అమ్మేసే వాటిలో కొన్నింటి జబ్బు ఇంతే. కొన్ని డాలర్ల రింగు. రెండు కొని సంచిలో వేసుకోండి.