రాజులను పక్కన పెట్టు, రాయిని చూడు

నాయనా,

నీ కథ అందింది. మొదటి పేజీలోనే గండికోటను ‘ఇండియా గ్రాండ్ కాన్యన్’ అన్నావు. అక్కడే నాకు కోపం వచ్చింది. జమ్మలమడుగులో పుట్టి, పెన్నా లోయను చిన్నప్పటి నుంచి చూసినవాడివి. ఆ పోలిక టూరిస్టు బస్సుల వాళ్లకు కావాలి గానీ నీకెందుకు? ఆ తర్వాత పేజీల నిండా కోటనేలిన పెమ్మసాని నాయకులు, దాన్ని గెలిచిన గోల్కొండ సేనాని మీర్ జుమ్లా, ఫిరంగులు. మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం వరసగా వచ్చాయి. మనిషి మాత్రం రాలేదు.

చివర్లో వచ్చాడు. మాపటేళ నాయన మిద్దెనెక్కి నాపరాళ్ల మీద నీళ్లు కొడితే సుయ్యిమని ఆవిరి లేచిందని రాశావు. ఆ వాక్యం చదివి కాగితాలు పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. నీ ఊరు అక్కడుంది.

చిత్రకారుడు పాల్ సెజాన్ పేరు వినే ఉంటావు. ఫ్రాన్సులో ఎక్స్ అనే పాత ఊళ్లో 1839లో పుట్టాడు. రోమన్లు కట్టిన ఊరది. ఊరి పక్కన సాంత్ విక్ట్వార్ అనే సున్నపురాతి కొండ. క్రీస్తుపూర్వం 102లో ఆ ప్రాంతంలోనే రోమన్లు ట్యూటన్లనే తెగను యుద్ధంలో ఓడించారు. వీరగాథ కావాలంటే చేతికందేంత దగ్గర్లో ఉంది. సెజాన్ దాన్ని ముట్టుకోలేదు. ఆ కొండనే ముప్పైకి పైగా తైలవర్ణాల్లో వేశాడు, నీటిరంగుల్లో వేసినవి వేరే. ఎక్స్ ఇళ్లకు రాయి తవ్విన బిబెమూ క్వారీలో గది అద్దెకు తీసుకుని ఆ కోసిన రాళ్లను వేశాడు. లోయలో కొత్తగా కట్టిన రైలు వంతెనను కూడా దాచలేదు. 1906 అక్టోబరులో బయట బొమ్మ వేస్తూ వానలో తడిసి పడిపోతే బట్టలుతికేవాళ్ల బండిలో ఇంటికి చేర్చారు. కొద్ది రోజులకే పోయాడు.

గండికోట రాయి వయసు వంద కోట్ల ఏళ్లు దాటింది. దాని ముందు పెమ్మసాని వాళ్లు నిన్న మొన్నటివాళ్లు. పాత ఊరు అనగానే రాజుల దగ్గరికి పరుగెత్తే మన అలవాటు నాకు అసలు గిట్టదు. నాపరాయిని పొరలు పొరలుగా లేపే కూలీ చేతికి ఆ నేల గురించి తెలిసినంత ఏ శాసనానికీ తెలియదు. ఇంకొకటి. గండికోట రిజర్వాయరు నీళ్లలో తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగాయి. నీ కథలో ఆ నీళ్లే లేవు. సెజాన్ రైలు వంతెనను వదల్లేదు, నువ్వు డ్యామును ఎందుకు వదిలావు?

నేను ప్రొద్దుటూరులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో నాపరాళ్ల గనిలో పనిచేసే ఒకామె మీద కథ రాసి ఒక పెద్ద వారపత్రికకు పంపాను. “సీమ కథ అంటున్నారు, కక్షలేవి? కనీసం కరువైనా లేదే” అని ఎడిటర్ తిప్పి పంపాడు. బాంబు ఒకటి పెడితే వేసుకుంటానన్నాడు. నేను పెట్టలేదు. ఇంట్లో డబ్బుకు టెన్షన్‌గా ఉండేది, ఆ పారితోషికం వస్తే అద్దె తీరేది. అయినా పెట్టలేదు. చివరికి చిన్న పత్రికలో, చిన్న అక్షరాల్లో వచ్చింది. ఆ గనిలో పనిచేసేవాళ్లు ఒకరి చేత చదివించుకుని విన్నారని తెలిసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. సీమ అంటే కొడవళ్లూ బీడునేలలే అనే ఆ చూపు ఇప్పటికీ పోలేదు. ఇప్పుడు దానికి కోటల ఫ్యాషన్ తోడైంది. నిన్నూ ఏదో ఒకటి అడుగుతారు. ఇవ్వొద్దు.

ఏ పత్రిక ఎంతిస్తుంది, కథ ఎన్ని పేజీలుండాలి అని అడిగావు. అవి తర్వాత చూద్దాం.

ముందు కోట పేజీలన్నీ తీసెయ్. మిద్దె మీది నాయన దగ్గర మొదలుపెట్టు. ఆ రాళ్లు ఏ గని నుంచి వచ్చాయో, ఎవరు ఎత్తి మిద్దెకు పరిచారో ఆయన్నే అడుగు. ఎండాకాలం పోకముందే మధ్యాహ్నం పూట గనుల వైపు వెళ్లిరా. తిరగరాసింది నాకు పోస్టులోనే పంపు, ఫోనులో చదవలేను.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన